కాంపింగ్ (జాజ్)

జాజ్‌లో ఒకరు సోలో వాయిస్తుంటే, వెనక పియానో మీదో గిటార్ మీదో కార్డులతో అందించే పక్కవాద్యాన్ని కాంపింగ్ అంటారు. కార్డంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు. ఏ బార్‌లో, అంటే ఏ తాళ ఆవర్తంలో, ఏ కార్డు రావాలో పాట ముందే చెబుతుంది. అందులో ఏ స్వరాలు వినిపించాలి, ఏవి వదిలేయాలి అన్నది మాత్రం వాయించేవాళ్లు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఈ కళ ఎదిగిందంతా ఆ వదిలేయడంలోనే.

1920ల్లో న్యూయార్క్ హార్లెమ్‌లో స్ట్రైడ్ పియానిస్టులు ఒక్కరే బృందమంత పని చేసేవారు. జేమ్స్ పి. జాన్సన్ లాంటివారి ఎడమచెయ్యి ఒకటి, మూడు బీట్లకు కింద బాస్ స్వరాన్ని, రెండు, నాలుగు బీట్లకు మధ్యలో కార్డును అందుకునేది. కౌంట్ బేసీ బృందంలో వాల్టర్ పేజ్ బాస్ ఆ బరువు ఎత్తుకోవడంతో బేసీ పియానోకు ఊపిరాడింది. అదే బృందంలో 1937లో చేరిన గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ దాదాపు యాభై ఏళ్లు బార్‌కు నాలుగు బీట్లూ మీటుతూనే ఉన్నారు, సోలోల జోలికి దాదాపు పోకుండా.

1940ల బీబాప్ శైలిలో పియానిస్టు బడ్ పావెల్ ఎడమచెయ్యి తరచుగా రెండే స్వరాలకు కుదించుకుంది. రెండు ఎలా సరిపోతాయో సి శ్రుతిలో డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ వరుస వాయించి చూస్తే తెలుస్తుంది. కార్డు స్వభావాన్ని పట్టిచ్చేవి దాని మూడో స్వరం, ఏడో స్వరం. మొదటి కార్డులో అవి ఎఫ్, సి. రెండోదానికి వెళ్లేటప్పుడు ఎఫ్ కదలదు, సి అర మెట్టు దిగి బి అవుతుంది. మూడోదానికి బి నిలబడుతుంది, ఎఫ్ దిగి ఇ అవుతుంది. ఒక్కోసారి ఒక్క వేలు కదిలితే చాలు, పాట ముందుకు నడుస్తుంది. పైగా ఆ ఎఫ్, బి జంటే డి ఫ్లాట్ సెవెన్‌కూ సరిపోతుంది కాబట్టి బాస్ వాద్యకారుడు జి బదులు డి ఫ్లాట్ పట్టుకున్నా పియానిస్టు చెయ్యి మార్చక్కర్లేదు.

1950ల్లో పియానిస్టులు అహ్మద్ జమాల్, రెడ్ గార్లండ్, ఆ తర్వాత బిల్ ఇవాన్స్ మూలస్వరాన్నే తీసేశారు. ఎఫ్, ఏ, సి, ఇ నాలుగూ విడిగా వింటే ఎఫ్ మేజర్ సెవెన్. కింద బాస్ డి పలికితే అవే డి మైనర్ నైన్. అందులో సిని బికి దించితే చాలు, జి సెవెన్ తొమ్మిదో, పదమూడో స్వరాల మెరుపుతో వచ్చేస్తుంది. ఇంత తక్కువ కదలికకు ఇంత రంగు మరెక్కడా దొరకదు.

1959లో మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ దారి మార్చింది. అందులోని ‘సో వాట్’లో పదహారు బార్లు ఒకే మోడ్, అంటే ఒకే స్వరశ్రేణి మీద నిలుస్తాయి. కార్డు నుంచి కార్డుకు లాగే శక్తి అక్కడ ఉండదు. ఇవాన్స్ ఇ, ఏ, డి, జి, బి అని నాలుగో అంతరాలు పేర్చి, పైన మేజర్ మూడో అంతరం పెట్టారు. 1960 నుంచి 1965 దాకా శాక్సఫోనిస్టు జాన్ కోల్ట్రేన్ దగ్గర వాయించిన పియానిస్టు మెకాయ్ టైనర్ ఆ నాలుగో అంతరాలనే తన భాష చేసుకున్నారు.

పియానో, గిటార్ ఒకేసారి కాంపింగ్ చేస్తే స్వరాలు ఢీకొంటాయి. అందుకే చాలా బృందాల్లో ఇద్దరిలో ఒకరు ఆగుతారు. బాస్, డ్రమ్స్ లేకుండా ఇవాన్స్, గిటారిస్టు జిమ్ హాల్ ఇద్దరే చేసిన ‘అండర్‌కరెంట్’ 1962లో రికార్డయింది. ఒకరు సోలో అందుకోగానే రెండోవారు పక్కవాద్యంలోకి ఎలా దిగుతారో వినడానికి అంతకన్నా మంచి రికార్డు అరుదు.