వకీలు
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో నల్లకోటు కనబడితే ‘వకీలు సాబ్’ అంటాం. ఇక్కడి నుంచి దుబాయి పోయిన మనిషి అక్కడ వకీలును అడిగితే చిక్కే. అరబ్బీలో ‘వకీల్’ అంటే మన తరఫున పని నడిపే ఏజెంటు. కోర్టులో వాదించేది ‘ముహామీ’. మొగలుల కాలంలో దర్బారులో ఉండే రాజ ప్రతినిధీ వకీలే. నిజాం కోర్టుల్లో ఉర్దూ నడవడంతో తెలంగాణలో ఈ మాట పాతుకుంది. కోస్తాలో ప్లీడరు నిలిచాడు. 1961 అడ్వొకేట్ల చట్టం ఈ వృత్తికి ‘అడ్వొకేటు’ అనే ఒకే వర్గాన్ని గుర్తించింది. ఇంగ్లండులో సొలిసిటర్, బారిస్టర్ నేటికీ వేరువేరు. అమెరికాలో ‘అటార్నీ’కీ మూలార్థం ప్రతినిధే. మనకు ఆ అర్థం ‘వకాల్తా’లో మిగిలింది: పిలవకున్నా పక్కవాడి తరఫున వాదించేవాణ్ని ‘వకాల్తా పుచ్చుకున్నావా?’ అని దెప్పుతాం. ఆ వకాల్తాకు ఫీజుండదు.