స్పేనదిపైఁ దెప్పల త్రోవ

స్కాట్లండు దేశమునందలి స్పేనది సామను చేఁపలకుఁ బ్రసిద్ధము. అచ్చటి ధర్మముచే సామను చేఁపలఁ బట్టు హక్కు భూమివలెఁ గ్రయవిక్రయార్హమగు స్థిరాస్తి. 1970 ప్రాంతమున నొక పడవల పాఠశాలవారు తెడ్లపడవలలో నీ నదిపై సంచరింపఁగా, గాలపువేఁటకు విఘాతమని నాకాండో భూస్వాములు వ్యాజ్యెము వేసిరి.

పాఠశాలవారికిఁ జరిత్రమే సాక్షి యయ్యెను. పదునెనిమిదవ శతాబ్దమున రోతీమర్కస్, అబర్నెథీ యడవుల సరళవృక్షపు దుంగలను దెప్పలుగాఁ గట్టి, స్పేమీఁదుగా సముద్రముదాఁక విడుచుచుండిరి. తెప్పలవారు మన యరిగోలును బోలిన తోలుపుట్టులలోఁ గూర్చుండి వానిని నడపెడివారు. గార్డన్ డ్యూకు చేఁపలకై వేయించిన యడ్డుకట్ట యీ తెప్పలకు విఘ్నము కాఁగా, నా తగవు 1782లోనే ప్రభువులసభ కెక్కినది. కావునఁ జేఁపల హక్కునకును జలమార్గమునకును గల వైరము క్రొత్తది గాదు.

తరువాతి శతాబ్దమునఁ దెప్పలు సన్నగిల్లెను. వాడుక యుడిగినచో హక్కును నుడుగునా యనునదియే ప్రశ్నము. ఉడుగదని 1976లోఁ బ్రభువులసభ తీర్పు చెప్పెను: నది యొకమాఱు జనుల మార్గమని సిద్ధించినచో, విడిచిపెట్టినంతమాత్రమున నా హక్కు నశింపదు. నేఁ డెవ్వరును జేయని దీర్ఘసత్రములకు శాస్త్ర మున్నట్లే ప్రయోగములేని శబ్దములకును శాస్త్రము గలదని మహాభాష్యము చెప్పు న్యాయ మిచ్చట స్మరింపఁదగును.

2003 నాఁటి భూసంస్కరణ శాసనముచే స్కాట్లండున యంత్రములేని పడవలకు నదులన్నియుఁ దెఱవఁబడెను. బాధ్యతతో సంచరింపవలెననుటయే నియమము. ఇంగ్లండున నట్టి సామాన్యశాసనము నేఁటికిని లేదు. అచ్చటఁ బ్రతినదికిని బూర్వపత్రములు వెదుకవలసినదే.