లఘుచిత్రం: తీయడం ఒక ఎత్తు, చూపడం మరో ఎత్తు

న్యూఢిల్లీ: జాతీయ రాజధాని ప్రాంతంలో కథ పుట్టి, ఇక్కడే చిత్రీకరణ జరుపుకొన్న రెండు లఘుచిత్రాలు ఇటీవలి సంవత్సరాల్లో ఆస్కార్ వేదిక దాకా వెళ్లాయి. ఉత్తరప్రదేశ్‌లోని హాపుడ్ జిల్లా కాఠీఖేడా గ్రామంలో తీసిన 26 నిమిషాల డాక్యుమెంటరీ ‘పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్.’ 2019లో అవార్డు గెలుచుకొంది. ఢిల్లీలోని ఒక దుస్తుల కర్మాగారంలో పనిచేసే తొమ్మిదేళ్ల బాలిక కథ ‘అనూజ’ 2025లో నామినేషన్ పొందింది. రెండింటి దర్శకులూ అమెరికాకు చెందినవారే. ఇదే నగరంలో ఏటా అనేకమంది యువతీయువకులు తీసే చిత్రాలు స్నేహితుల ల్యాప్‌టాప్‌లు దాటి బయటకు రావు. ప్రతిభలో తేడా ఉందనుకోవడానికి ఆధారం లేదు. తేడా అంతా డబ్బు వచ్చిన దారిలో ఉంది. ఆ రెండు చిత్రాలకు నిధులతో పాటే ప్రేక్షకులూ వచ్చారు.

కేకుల అమ్మకంతో మొదలు

‘పీరియడ్’ చిత్రం వెనుక ముందుగా ఉన్నది స్టూడియో కాదు. లాస్ ఏంజెలెస్‌లోని ఓక్‌వుడ్ పాఠశాల విద్యార్థినులు, వారి ఆంగ్ల ఉపాధ్యాయిని మెలీసా బర్టన్. తక్కువ ధరకు శానిటరీ నాప్‌కిన్లు తయారుచేసే యంత్రాన్ని కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం రూపొందించారు. అటువంటి యంత్రాన్ని భారతదేశంలోని ఒక గ్రామానికి ఇవ్వాలన్నది ఆ విద్యార్థినుల సంకల్పం. ఇంట్లో చేసిన కేకులు అమ్మారు, అంతర్జాలంలో చందాలు అడిగారు. యంత్రం కాఠీఖేడాకు చేరింది. దానితో పాటు కెమెరా కూడా వెళ్లింది. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ‘యాక్షన్ ఇండియా’ అనే స్వచ్ఛంద సంస్థ గ్రామంలో తోడు నిలిచింది. రైకా జెహతాబ్చీ దర్శకత్వం వహించారు, గునీత్ మోంగా కార్యనిర్వాహక నిర్మాతగా చేరారు. 2019 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ఈ చిత్రం అదే నెల 24న జరిగిన 91వ ఆస్కార్ ఉత్సవంలో లఘు డాక్యుమెంటరీ విభాగంలో విజేతగా నిలిచింది.

ఇక్కడ గమనించవలసింది వరుసక్రమం. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరూ చిత్రం పూర్తికాకముందే దాని ప్రేక్షకులయ్యారు. చిత్రం పేరు చెప్పి పదిమందిని పిలిచే పని కూడా వారే చేశారు. ‘అనూజ’ విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. మీరా నాయర్ ‘సలాం బాంబే’ (1988) రాబడితో మొదలై, ఢిల్లీలో వీధి బాలల కోసం పనిచేస్తున్న సలాం బాలక్ ట్రస్టు ఈ చిత్ర నిర్మాణంలో భాగస్వామి. ప్రధాన పాత్రధారిణి ఆ ట్రస్టు నీడలో ఉన్న బాలికే. ఆడమ్ జె. గ్రేవ్స్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2024లో హాలీషార్ట్స్ ఉత్సవంలో అవార్డు పొంది ఆస్కార్‌కు అర్హత సాధించింది. తరువాత పెద్ద పేర్లు నిర్మాతల జాబితాలో చేరాయి.

ఈ మార్గానికి ఒక మూల్యం ఉంది. ఒక ఉద్యమం డబ్బుతో తీసిన చిత్రం ఆ ఉద్యమం అడిగే ప్రశ్ననే అడుగుతుంది. మయూర్ విహార్‌లో పక్కపక్క ఇళ్లవాళ్లు కారు నిలిపే చోటు కోసం పడే తగాదా మీద చిత్రం తీయాలనుకొనే దర్శకురాలికి ఏ స్వచ్ఛంద సంస్థా చెక్కు రాసివ్వదు. ఆమెకు మిగిలేవి ప్రభుత్వ నిధులు, చందాలు, సొంత పొదుపు.

ఎవరి డబ్బు, ఏ షరతు

ప్రభుత్వ నిధితో స్వతంత్ర చిత్రాలు తీయించే ప్రయత్నాల్లో ఢిల్లీకి చెందిన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు ముందు చెప్పుకోదగినది. 2000లో రాజీవ్ మెహరోత్రా ఆధ్వర్యంలో మొదలైన ఈ సంస్థ ప్రసార భారతి సహకారంతో వందలాది డాక్యుమెంటరీలు తీయించింది. దర్శకుడి ప్రతిపాదనను ఎంపిక చేసి, నిధులిచ్చి, పూర్తయిన చిత్రాన్ని దూరదర్శన్‌లో ప్రసారం చేయించడం దాని పద్ధతి. ‘ఓపెన్ ఫ్రేమ్’ పేరిట ఢిల్లీలో సొంత చిత్రోత్సవం కూడా నిర్వహించింది. పారితోషికాలు పెద్దవి కావు. కానీ ఒప్పందం మీద సంతకం చేసిన రోజే ప్రసారం ఖాయమన్న భరోసా ఏ పెద్ద నిర్మాతా కొత్తవారికి ఇవ్వలేదు.

1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ మరో ఆధారం. ‘ఆల్ దట్ బ్రీత్స్’తో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఢిల్లీ దర్శకుడు శౌనక్ సేన్ తొలి డాక్యుమెంటరీ ‘సిటీస్ ఆఫ్ స్లీప్’ (2015)కు నిధులిచ్చింది ఈ సంస్థే. 2022లో ఫిల్మ్స్ డివిజన్‌ను, చలనచిత్రోత్సవాల డైరెక్టరేట్‌ను, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను, బాలల చిత్ర సంస్థను కలిపి జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ) కిందకు తెచ్చారు. అప్పటినుంచి తలుపు తట్టవలసిన చిరునామా ఒక్కటే. అది సౌకర్యమే. అయితే ఒక తలుపు మూసుకొంటే మరో తలుపు తట్టే వీలు మాత్రం తగ్గింది.

చందాల సేకరణ మనకు కొత్త కాదు. శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ (1976)కు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. ఢిల్లీ రాజకీయాల మీద ఖుష్బూ రాంకా, వినయ్ శుక్లా తీసిన ‘యాన్ ఇన్‌సిగ్నిఫికెంట్ మ్యాన్’కు అడిగినదానికి అనేక రెట్లు చందా వచ్చింది. ఇక్కడి దర్శకులకు కిక్‌స్టార్టర్ ద్వారా నేరుగా నిధులు సేకరించే వీలు లేదు. కెట్టో వంటి దేశీయ వేదికలు ఉన్నాయి.

విదేశాల్లో బంధుమిత్రులు ఎక్కువగా ఉన్న తెలుగువారు ఒక విషయం జాగ్రత్తగా తెలుసుకోవాలి. డాలస్‌లో ఉన్న స్నేహితుడికి భారత పాస్‌పోర్టు ఉండి, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే స్నేహితుడు అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే ఆ సొమ్ము 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిధిలోకి రావచ్చు. ఆ చట్టం కింద నమోదైన సంస్థలు 2020 సవరణ ప్రకారం విరాళాలను దేశంలో ఒకే ఒక్క బ్యాంకు శాఖలో స్వీకరించాలి. అది పార్లమెంట్ వీధిలోని స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖ. డబ్బు ఖాతాలో పడ్డాక కాక, పడకముందే ఆడిటర్‌ను సంప్రదించడం మేలు.

మూడు ప్రభుత్వాల వీధులు

చిత్రీకరణ ఖర్చు ఈనాడు పెద్ద అడ్డంకి కాదు. కెమెరా, లెన్సులు అద్దెకు దొరుకుతాయి. చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ కెమెరా బజారులో పాత పరికరాలు కొనుక్కోవచ్చు. 1982లో జామియా మిల్లియా ఇస్లామియాలో ఏర్పడిన ఏజేకే మాస్ కమ్యూనికేషన్ కేంద్రం పుణ్యమా అని శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులకూ కొరత లేదు. అనుమతుల దగ్గరే చిక్కు. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద, నోయిడా, గాజియాబాద్ ఉత్తరప్రదేశ్ కింద, గురుగ్రామ్, ఫరీదాబాద్ హరియాణా కింద పనిచేస్తాయి. యమున దాటితే మరో దరఖాస్తు. కోటలు, సమాధులు పురావస్తు శాఖవి, రైలు పెట్టెలు మెట్రో సంస్థవి, రెండూ రుసుము అడుగుతాయి. ఎన్ఎఫ్‌డీసీలోని ‘ఇండియా సినీ హబ్’ ఈ దరఖాస్తులకు ఏకగవాక్ష మార్గం. అయినా చిన్న బడ్జెట్ చిత్రానికి స్నేహితుల ఇల్లు, మేడమీద, మెట్లదారి చాలునన్నట్టుగా కథ రాసుకోవడమే తెలివైన పని.

శీతాకాలంలో తీసేవారికి మరో సమస్య. కాలుష్య నియంత్రణ ఉత్తర్వుల వల్ల 2023 అక్టోబరు నుంచి ఎన్‌సీఆర్‌లో డీజిల్ జనరేటర్ల వాడకంపై కఠిన పరిమితులు ఉన్నాయి. లైట్లకు బ్యాటరీలు, ఇంటి విద్యుత్తు మీద ఆధారపడేలా ముందే ప్రణాళిక వేసుకోవాలి. పొదుపు ఎక్కడ చేసినా శబ్దగ్రహణంలో చేయకూడదు. హారన్ల మధ్య నలిగిన సంభాషణను ఎడిటింగ్ గదిలో ఎవరూ బాగుచేయలేరు. వీధిలో వినిపించే సినిమా పాటకు హక్కులు లేకపోతే యూట్యూబ్ యంత్రాంగమే ఆ చిత్రాన్ని పట్టుకొంటుంది.

ధ్రువపత్రం

ప్రభుత్వ పరిభాషలో లఘుచిత్రానికి, డాక్యుమెంటరీకి ఉమ్మడి పేరు ‘నాన్-ఫీచర్’. తాను ఏమిటో కాక, ఏమి కాదో చెప్పే పేరు. తెలుగు ఛందస్సులో లఘువుకు గురువుతో సమానంగా స్వతంత్రమైన స్థానం ఉంది. మన ‘లఘుచిత్రం’ అనే మాటే నయం.

పేరు ఏదైనా, నిడివి ఎంత తక్కువైనా, బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ ధ్రువపత్రం కావాలి. బోర్డుకు ఢిల్లీలోనూ, హైదరాబాద్‌లోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. చిత్రోత్సవాలకు 2006 నాటి మార్గదర్శకాల కింద సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. మామూలుగా ఇది లాంఛనమే. కానీ 2017 జూన్‌లో కేరళ డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవానికి ఎంపికైన మూడు చిత్రాలకు ఆ శాఖ మినహాయింపు నిరాకరించింది. ఒకటి హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థి రోహిత్ వేముల గురించి, ఒకటి జేఎన్‌యూ గురించి, మరొకటి కశ్మీర్ గురించి.

దర్శకులు కలిసికట్టుగా ఎదిరించిన సందర్భాలూ ఉన్నాయి. ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం భారతీయ చిత్రాలకు మాత్రమే ధ్రువపత్రం తప్పనిసరి చేసినప్పుడు, 2004 ఫిబ్రవరిలో ‘వికల్ప్’ పేరిట సమాంతర ఉత్సవం నడిపారు. ‘యాన్ ఇన్‌సిగ్నిఫికెంట్ మ్యాన్’ విడుదలకు ముందు చిత్రంలో కనిపించే నాయకుల నుంచి నిరభ్యంతర పత్రాలు తెమ్మని బోర్డు అడిగింది. దర్శకులు అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లి నెగ్గారు. 2017 నవంబరులో చిత్రం విడుదలైంది. ఆ ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు బోర్డు నిర్ణయంపై అభ్యంతరం ఉంటే హైకోర్టుకే వెళ్లాలి. కోట్ల పెట్టుబడి ఉన్న నిర్మాతకు అది ఖర్చు మాత్రమే. నాలుగు రోజుల్లో చిత్రం తీసిన విద్యార్థికి అది మూసిన తలుపు.

ముందు ఎక్కడ, తరువాత ఎక్కడ

పూర్తయిన చిత్రాన్ని ఆ రాత్రే యూట్యూబ్‌లో పెట్టాలన్న ఆత్రుత సహజం. తెలుగులో ‘సైన్మా’ వంటి లఘుచిత్రాలతో యూట్యూబ్‌లో పేరు తెచ్చుకొన్న తరుణ్ భాస్కర్, తరువాత ‘పెళ్లిచూపులు’ (2016)తో జాతీయ అవార్డు దాకా వెళ్లారు. లక్ష్యం సినిమా పరిశ్రమ అయితే ఆ దారి మంచిదే. ఉత్సవాలు లక్ష్యమైతే అది ఎదురుదారి. అంతర్జాలంలో ముందే విడుదలైన చిత్రాన్ని చాలా ఉత్సవాలు తీసుకోవు. ఆస్కార్ నిబంధనలూ అర్హత పొందకముందు ఆన్‌లైన్ విడుదలను అనుమతించవు. అక్కడ నిడివి పరిమితి శీర్షికలతో కలిపి 40 నిమిషాలు. మనదేశంలో బెంగళూరు అంతర్జాతీయ లఘుచిత్రోత్సవంలో గెలిచినా ఆ అర్హత లభిస్తుంది.

ఢిల్లీలో పర్యావరణ చిత్రాలకు 2002 నుంచి ‘వాతావరణ్’, మహిళా దర్శకుల చిత్రాలకు 2005 నుంచి ఐఏడబ్ల్యూఆర్‌టీ ఆసియా ఉత్సవం వేదికలయ్యాయి. లోధీ రోడ్డు పరిసరాల్లోని ఇండియా హ్యాబిటాట్ సెంటర్, ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ సభామందిరాల్లో ఏడాది పొడవునా డాక్యుమెంటరీ ప్రదర్శనలు జరుగుతాయి. వచ్చేవారు ఎక్కువగా తెలిసిన ముఖాలే అన్న విమర్శలో నిజం లేకపోలేదు.

ఆ వలయానికి వెలుపల వేళ్లూనుకొన్నది ‘ప్రతిరోధ్ కా సినిమా’. సంజయ్ జోషి తదితరులు 2006లో గోరఖ్‌పూర్‌లో మొదలుపెట్టిన ఈ ఉద్యమం కార్పొరేట్ ప్రాయోజకులను తీసుకోదు. ప్రొజెక్టర్‌ను చిన్న పట్టణాలకు మోసుకెళ్లి, ప్రేక్షకులు ఇచ్చిన చందాతోనే తరువాతి ప్రదర్శన జరుపుతుంది. జాతీయ అవార్డులకు పంపదలచినవారు మాత్రం సెన్సార్ ధ్రువపత్రం మీది తేదీని చూసుకోవాలి. చిత్రం ఏ సంవత్సరపు పోటీలో నిలుస్తుందో నిర్ణయించేది చిత్రీకరణ తేదీ కాదు, జనవరి 1 నుంచి డిసెంబరు 31 మధ్య పడిన ఆ ముద్రే.