తోకచుక్క బొమ్మలు ఎవరి సొత్తు?

అంతరిక్ష నౌకలు పంపే సమాచారాన్ని శాస్త్రవేత్తలు పేరు కోసమే దాచుకుంటారన్న మాట స్థిరపడిపోయింది. అందులో కొంత నిజముంది. కానీ ఆ సమాచారం సేకరించే పరికరానికి డబ్బు పెట్టిందెవరో ఆ మాట అడగదు.

1966 ఫిబ్రవరిలో సోవియట్ లూనా 9 చంద్రుడి మీద దిగింది. మాస్కో బొమ్మలు బయటపెట్టకముందే ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు ఆ సంకేతాలను పట్టేసింది. డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఇచ్చిన ఫొటో యంత్రంతో వాటిని బొమ్మలుగా మార్చి అచ్చువేశారు. అయితే నిష్పత్తి తప్పడంతో చంద్రుడి నేల ఉన్నది ఉన్నట్టు కనిపించలేదు. 1990లో ఎగిరిన హబుల్ టెలిస్కోపుకు వచ్చేసరికి, పరిశీలన కోరినవారికి దాని దత్తాంశం మీద ఏడాది ప్రత్యేక హక్కు అన్నది మామూలు నియమమైంది.

అసలు తగవు యూరప్ నౌక రోసెట్టాది. 2014 ఆగస్టు 6న అది 67పి తోకచుక్కను చేరింది. నౌకకు దారి చూపే కెమెరా యూరప్ అంతరిక్ష సంస్థది కాబట్టి ఆ బొమ్మలు తరచుగా వచ్చాయి. అంతకంటే ఎంతో స్పష్టంగా చూడగల ఒసైరిస్ కెమెరా నుంచి మాత్రం అరకొరగానే వచ్చాయి. జనం మండిపడ్డారు. ఒసైరిస్‌ను కట్టింది గోటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ నాయకత్వంలోని బృందం. ఖర్చులో ఎక్కువ భాగం జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, స్వీడన్‌ల జాతీయ సంస్థలది. ఏళ్ల తరబడి కెమెరా మీద పనిచేసినవారికి ఆరు నెలల ముందస్తు హక్కు ఒప్పందంలోనే ఉంది. 2015 జనవరిలో సైన్స్ పత్రికలో ఆ కెమెరా బొమ్మల ఆధారంగా తొలి వ్యాసాలు వచ్చాయి. గుట్టుకు మూలం వ్యక్తుల స్వార్థం కంటే ఈ ఖర్చుల పంపకమేనని నా నమ్మకం. అలాగని ప్రజల పన్నుతో తీసిన బొమ్మలను ప్రజలకు చూపించకపోవడాన్ని సమర్థించలేను. చూడనివ్వడం వేరు, విశ్లేషణకు పనికొచ్చే దత్తాంశం ఇవ్వడం వేరు. ఒప్పందం రాసినవారు ఈ తేడా పాటించాల్సింది.

ఇప్పుడు హబుల్ ప్రత్యేక హక్కు గడువు మామూలుగా ఆరు నెలలకు తగ్గింది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు విషయంలో అసలు గడువే వద్దన్న వాదన బలపడింది. నాకది నచ్చదు. పాఠాలు చెప్పుకుంటూ, ఒకరిద్దరు విద్యార్థులతో పనిచేసే అధ్యాపకుడు రాసి పెట్టుకున్న ఆలోచనను పెద్ద బృందం వారంలో ఎగరేసుకుపోగలదు. మన దగ్గర జబ్బు వేరు. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబరులో అంగారకుణ్ని చేరితే, తొలి ఏడాది దత్తాంశం అందరికీ అందింది 2016 సెప్టెంబరులో. ఆరు నెలల గడువును ఒప్పుకుంటాను, ఇంత జాప్యాన్ని ఒప్పుకోలేను.