అవరోధం ఉపకరణమైన తీరు: సూక్ష్మ ప్రమాణాలలో ఉష్ణవహన చరిత్ర

'ఉష్ణ ప్రవాహం' అన్న మాటలో ఒక పాత నమ్మకం మిగిలి ఉంది. ఉష్ణాన్ని కంటికి కనిపించని ద్రవంగా భావించిన కాలం అది. లావోయిజియే 1789లో ప్రకటించిన మూలకాల పట్టికలో 'కెలోరిక్' పేరుతో ఉష్ణానికీ చోటు దక్కింది. ఆ ద్రవం భౌతికశాస్త్రం నుంచి నిష్క్రమించి ఒకటిన్నర శతాబ్దం దాటినా దాని క్రియాపదం మాత్రం నిలిచిపోయింది. తెలుగు పాఠ్యపుస్తకాలలోనూ ఉష్ణం నేటికీ 'ప్రవహిస్తూనే' ఉంది.

ఉష్ణం స్వభావతః ఏమిటన్న చర్చను ఫూరియే తెలివిగా పక్కన పెట్టాడు. 1807లో పారిస్ విద్వత్సభకు ఆయన సమర్పించిన పత్రం లాగ్రాంజ్ వంటి వారి అభ్యంతరాల వల్ల అచ్చుకాలేదు. విస్తరించిన గ్రంథం 1822లో వెలువడింది. ఒక వస్తువు గుండా సాగే ఉష్ణం, దానిలో ఉష్ణోగ్రత ఎంత వేగంగా మారుతున్నదన్న దానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నది ఆ గ్రంథంలోని నియమం. పదార్థ స్వభావమంతా 'ఉష్ణవాహకత' అనే ఒకే సంఖ్యలో ఇమిడింది. రాగికి ఒక విలువ, గాజుకు మరొకటి. రాగి కడ్డీని రెండు ముక్కలు చేసినా ఆ విలువ మారదు. వస్తువు పరిమాణానికి ఈ సంఖ్యతో సంబంధం లేదన్న ఊహను ఎవరూ ప్రత్యేకంగా ప్రతిపాదించలేదు. ప్రశ్నించవలసిన అవసరమూ అప్పటికి కలగలేదు. ఆ ఊహ ఎక్కడ భంగపడిందో అక్కడే ఈ చరిత్ర మొదలవుతుంది.

విద్యుద్బంధక స్ఫటికాలలో ఉష్ణాన్ని మోసేవి పరమాణు కంపనాల తరంగాలని డిబై 1914లో చూపాడు. ఆ తరంగాలు ఒకదానినొకటి అడ్డుకోకపోతే స్ఫటికపు ఉష్ణవాహకత అనంతమవుతుంది. ఈ చిక్కును 1929లో రుడాల్ఫ్ పైయర్ల్స్ క్వాంటం సిద్ధాంతంతో పరిష్కరించాడు. కంపనశక్తి చిన్న చిన్న మూటలుగా కదులుతుంది. ఆ మూటలు పరస్పరం ఢీకొన్నప్పుడు కొన్ని సందర్భాలలో స్ఫటిక జాలకం వాటి గమనాన్ని వెనుకకు తిప్పుతుంది. ఉష్ణానికి నిరోధం కలిగేది అక్కడే. ఈ మూట అనే భావనను ఇగోర్ టామ్ ప్రవేశపెట్టగా, ధ్వని అనే అర్థంగల గ్రీకు పదం నుంచి 'ఫోనాన్' అన్న పేరును ఫ్రెంకెల్ సూచించాడు. దీనితో ద్రవం స్థానంలోకి ప్రయాణికులు వచ్చారు. ప్రయాణికునికి ప్రయాణదూరం ఉంటుంది. మరొకరిని ఢీకొనేలోగా ఫోనాన్ సగటున సాగే దూరమే దాని స్వేచ్ఛాపథం.

స్ఫటిక కంపనాల అధ్యయనంలో ఆంధ్రదేశానికీ స్థానం ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, గణితజ్ఞుడు టి. వెంకటరాయుడు కలిసి స్ఫటికపు కంపన రీతులను సౌష్ఠవం ఆధారంగా వర్గీకరించే పద్ధతిని సమూహ సిద్ధాంతం సహాయంతో రూపొందించారు. ఆ అంశంపై వారి గ్రంథాన్ని విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. ఈ కృషిని రామన్ ఫలితానికి అనుబంధంగా మాత్రమే చెప్పుకోవడం మన అలవాటు. ఉష్ణాన్ని మోసేవీ ఆ కంపనాలే కనుక, వారి గణన పరిధి వర్ణపట విశ్లేషణ వద్దనే ఆగేది కాదు.

పైయర్ల్స్ లెక్క ప్రకారం చల్లబరిచిన కొద్దీ ఫోనాన్ల ఘర్షణ తగ్గి ఉష్ణవాహకత విపరీతంగా పెరగాలి. లైడెన్‌లో డి హాస్, బీర్మాజ్ 1930లలో చేసిన కొలతలు భిన్నంగా వచ్చాయి. అతిశీతల స్థితిలో వాహకత పెరగడానికి బదులు తగ్గింది. అంతకంటే వింత, ఒకే పదార్థపు సన్నని స్ఫటికానికి, లావు స్ఫటికానికి వేర్వేరు విలువలు వచ్చాయి. 1938లో కాసిమిర్ ఒక చిన్న పత్రంలో కారణం చెప్పాడు. ఆ చల్లదనంలో ఫోనాన్‌లు ఒకదానినొకటి దాదాపు ఢీకొనవు. స్ఫటికపు అంచును మాత్రమే ఢీకొంటాయి. కనుక వాటి స్వేచ్ఛాపథం స్ఫటికపు మందమే. ఫూరియే నియమంలోని పదార్థ స్థిరాంకం ఇక్కడ వస్తువు కొలతలపై ఆధారపడింది. మూడేళ్ళ తరువాత మాస్కోలో కపిట్సా, రాగి నుంచి ద్రవ హీలియంలోకి ఉష్ణం చేరేచోట ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోవడాన్ని గమనించాడు. రెండు పదార్థాలు కలిసే సరిహద్దు కూడా ఒక నిరోధమేనని అప్పుడు తెలిసింది.

ఈ రెండు పరిశోధనలలోనూ అంచు ప్రయోగానికి వచ్చిన చిక్కుగానే కనిపించింది, వివరించి తొలగించవలసిన అంశంగానే మిగిలింది. దానిని కావాలని నిర్మించాలన్న ఆలోచన రావడానికి అర్ధశతాబ్దం పట్టింది.

ఆ ఆలోచనకు ఒత్తిడి వేరే దిక్కు నుంచి వచ్చింది. వేడిని నేరుగా విద్యుత్తుగా మార్చే ఉష్ణవిద్యుత్ పదార్థం విద్యుత్తును బాగా వహించాలి, ఉష్ణాన్ని వహించకూడదు. ప్రకృతిలో ఈ రెండు గుణాలు సాధారణంగా జంటగా వస్తాయి. లెనిన్‌గ్రాడ్‌లో అబ్రామ్ యోఫె, 1950లలో, రెండు అర్ధవాహకాలను మిశ్రమం చేస్తే భిన్న ద్రవ్యరాశుల పరమాణువులు ఫోనాన్‌లను చెదరగొడతాయని గుర్తించాడు. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలకు విద్యుత్తునిచ్చే సిలికాన్-జెర్మేనియం ఆ కోవలోనిదే. పదార్థపు సామర్థ్యానికి కొలమానమైన జడ్‌టీ విలువ మాత్రం దశాబ్దాలపాటు 1 దగ్గరే ఆగిపోయింది.

1993లో హిక్స్, మిల్డ్రెడ్ డ్రెస్సెల్‌హౌస్ ఈ ప్రతిష్టంభనకు పరిష్కారం ప్రతిపాదించారు. పదార్థాన్ని కొన్ని నానోమీటర్ల పొరలుగా చేస్తే ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలు మారి సామర్థ్యం పెరుగుతుందన్నది వారి లెక్క. ప్రయోగశాలలు ఆ దారి పట్టాయి. తీరా చూస్తే లాభంలో అధిక భాగం ఎలక్ట్రాన్ల వైపు నుంచి రాలేదు. పొరల సరిహద్దులు ఫోనాన్‌లను అడ్డుకోవడం వల్ల వచ్చింది. ఆశించినది ఒకటి, లభించినది మరొకటి. 2001లో బిస్మత్ టెల్యురైడ్, ఆంటిమొనీ టెల్యురైడ్ పొరల నిర్మాణానికి జడ్‌టీ 2.4 అని ప్రకటించారు; ఆ విలువను ఇతరులు తిరిగి సాధించడం సులభం కాలేదు.

సులభం కాకపోవడానికి కొలత కూడా ఒక కారణం. ఇంత పలుచని పొరకు ఉష్ణమాపకాన్ని ఎక్కడ తగిలించాలి? 1990లో డేవిడ్ కేహిల్ వివరించిన పద్ధతిలో పొరపై వేసిన సన్నని లోహపు గీతే హీటరుగానూ ఉష్ణమాపకంగానూ పనిచేస్తుంది. అందులో ఏకాంతర విద్యుత్తును పంపితే, ఆ పౌనఃపున్యానికి మూడు రెట్లు ఉన్న సూక్ష్మ వోల్టేజి, గీత ఎంత వేడెక్కిందో తెలుపుతుంది. ఈ రంగపు చరిత్రను పదార్థాల జాబితాగా రాసేవారు ఈ గీతను విస్మరిస్తుంటారు. అది లేకుంటే ఆ జాబితాలో చాలా పేర్లు ఉండేవి కావు.

2008 జనవరిలో బర్క్‌లీ, కాల్‌టెక్ బృందాలు 'నేచర్' ఒకే సంచికలో సిలికాన్ నానోతీగల ఫలితాలు ప్రచురించాయి. సాధారణ సిలికాన్ ఉష్ణవాహకత గది ఉష్ణోగ్రత వద్ద మీటరుకు, కెల్విన్‌కు సుమారు 150 వాట్లు. బర్క్‌లీ బృందం సుమారు 50 నానోమీటర్ల వ్యాసంతో, గరుకు ఉపరితలంతో తయారుచేసిన తీగలో అది దాదాపు నూరవ వంతుకు పడిపోయింది, జడ్‌టీ 0.01 నుంచి 0.6కు చేరింది. కాసిమిర్ చెప్పిన అంచు ఇప్పుడు యాసిడ్‌తో చెక్కిన పనిముట్టు అయింది. అయితే ఆయన లెక్క అనుమతించిన దానికంటే కూడా తగ్గుదల ఎక్కువగా ఉండటం సిద్ధాంతకారులను చాలాకాలం వేధించింది.

సమస్యలో కొంత భాగం 'సగటు' అన్న మాటలోనే ఉంది. సిలికాన్‌లో ఫోనాన్ స్వేచ్ఛాపథాన్ని పాత లెక్కలు 40 నానోమీటర్లుగా, తరువాతివి 300గా చెప్పాయి. పరమాణు బలాల నుంచి నేరుగా చేసిన 2011 నాటి గణన రెండింటినీ పక్కకు నెట్టింది: ఉష్ణంలో దాదాపు సగాన్ని ఒక మైక్రానుకు మించి ప్రయాణించే ఫోనాన్‌లే మోస్తున్నాయి. ఒకే పరిమాణపు అడ్డంకి అందరు ప్రయాణికులనూ ఆపలేదు. 2012లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం సీస టెల్యురైడ్‌లో పరమాణు స్థాయి మిశ్రమం, నానో కణికలు, మైక్రాన్ స్థాయి రేణువుల సరిహద్దులను ఒకేసారి అమర్చి, 915 కెల్విన్ వద్ద జడ్‌టీ 2.2ను సాధించింది. ఆ పత్ర ప్రథమ రచయిత కనిష్క బిశ్వాస్ బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో తన బృందంతో 2021లో వెండి-ఆంటిమొనీ టెల్యురైడ్‌కు కాడ్మియం చేర్చి 2.6ను చేరాడు. విశేషమేమంటే అక్కడ చేసింది అస్తవ్యస్తతను పెంచడం కాదు. పరమాణువుల అమరికలో నానో స్థాయి క్రమాన్ని తేవడం. చెదరగొట్టడమే ఏకైక మార్గమన్న భావన అంతటితో సడలింది.

ఉష్ణాన్ని ఆపడం ఒక ముఖమైతే, చిప్పుల నుంచి వేగంగా తరలించడం రెండవది. తేలిక పరమాణువులు, బలమైన బంధాలు ఉన్నవే మంచి ఉష్ణవాహకాలన్నది గ్లెన్ స్లాక్ 1973లో కూర్చిన సూత్రాల సారం. బరువైన ఆర్సెనిక్ ఉన్న బోరాన్ ఆర్సెనైడ్ వజ్రంతో పోటీపడుతుందని 2013లో గణన చెప్పినప్పుడు ఆశ్చర్యం కలిగింది. 2018లో మూడు బృందాలు దానిని కొలిచి 1000 వాట్లకు పైబడిన విలువలు పొందాయి. అవి తొలి గణన విలువ కంటే తక్కువ. ఆ తేడాకు కారణం అప్పటికే తెలిసింది: మూడు ఫోనాన్ల ఘర్షణలను మాత్రమే లెక్కించే పైయర్ల్స్ నాటి ఆనవాయితీ ఈ స్ఫటికంలో చాలదు, నాలుగు ఫోనాన్ల ఘర్షణలనూ చేర్చాలి. ఇక ఈ స్ఫటికాన్ని చిప్పుకు అతికించినప్పుడు రెండింటి మధ్య ఉన్న అతుకు వద్ద, కపిట్సా 1941లో చూసిన ఉష్ణోగ్రతా పతనమే మళ్ళీ ఎదురవుతుంది.