తూరు రాయి, తెలుగు సీమ ఉత్తరం

1702 నాటికే పుంగనూరులో లాటిన్ చదివిన మనుషులు తిరిగారు. పుదుచ్చేరిలో ఓడ దిగిన ఫ్రెంచి జెసూట్ పాదిరీలు కావిగుడ్డ కట్టి, మాంసం మాని, సన్యాసుల వేషంలో ఆర్కాటు సీమ దాటి పాళెగాళ్ళ ఊళ్ళకు నడిచొచ్చారు. వాళ్ళ తొలి మజిలీల్లో పుంగనూరు ఒకటి. ఆ తర్వాత చిక్కబళ్ళాపురం, కృష్ణాపురం. ఇక్కడి నుంచి వాళ్ళు రాసిన ఉత్తరాలు అప్పట్లోనే పారిస్‌లో అచ్చయ్యాయి. మన ఊళ్ళ పేర్లు ఫ్రెంచి నోళ్ళలో వంకర్లు తిరిగి ఆ పుటల్లో కనిపిస్తాయి.

వచ్చింది మతం కోసమే, అందులో దాపరికం లేదు. కాని వాళ్ళ వెంట వచ్చిన చదువు సంగతి వేరు. జెసూట్ బళ్ళకు 1599లో ఖాయమైన పాఠక్రమం ప్రకారం సిసెరో, ఓవిడ్, వర్జిల్ చదవకుండా ఎవడూ గడప దాటడు. వర్జిల్ రాసిన ఈనియడ్ చదివినవాడికి తూరు పట్టణం తెలియకుండా ఉండదు. మన బైబిల్లో తూరు, సీదోను అని జంటగా వినిపించే తూరే అది. ఇవాళ లెబనాన్‌లో ఉంది. తోడబుట్టినవాడే మొగుణ్ణి చంపితే, తూరు రాజు కూతురు డైడో ఓడలెక్కి వెళ్ళి ఆఫ్రికా ఒడ్డున కార్తేజ్ కట్టించిందని ఆ కావ్యంలోని కథ. సముద్రపు నత్తల నుంచి ఊదారంగు తీసి రాజులకు అమ్మిన రేవు తూరు. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ సముద్రంలోకి కట్ట పోసి, ఏడు నెలలు ముట్టడిస్తే గాని లొంగలేదు. లాటిన్ విభక్తులూ ఆ రేవుల చరిత్రా జెసూట్ బడి పిల్లలకు ఒకే బల్ల మీద వంటబట్టేవి.

అలా చదువుకున్నవాడే గాస్టన్ లారాన్ కెర్డూ. 1691లో ఫ్రాన్సులోని బూర్జ్‌లో పుట్టాడు. 1732లో ఇక్కడికొచ్చాడు. తెలుగు సీమలో పనిచేస్తూ తెలుగూ సంస్కృతమూ నేర్చాడు. ఆ రెంటినీ ఫ్రెంచితో కలిపి నిఘంటువు కట్టాడు. చేతిపని మీద కూడా ఆయన కన్ను నిలిచేది. 1742లో రాసిన ఒక పొడుగాటి ఉత్తరమంతా అద్దకం గుడ్డల గురించే. తన దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఆ పని తెలిసినవాళ్ళుంటే, వాళ్ళను అడిగి అడిగి రాసుకున్నాడు. వాళ్ళు మాట్లాడుకున్న మాటలు మాత్రం ఉన్నవున్నట్టు మిగల్లేదు. ఉత్తరంలోని పని వరసను బట్టి ఇలా ఊహించుకోవచ్చు.

చెట్టు నీడన గుడ్డ పరిచి ఉంది. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి, ఎండబెట్టి, కొయ్య మీద కొట్టి నునుపు చేసిన గుడ్డ. పాదిరీ కలం పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. పాలెందుకు అని అడిగాడు.

"పాలు లేకపోతే రంగు నిలవదు సామీ, పక్కలకు పాకతాది."

ఆవుపాలు పనికిరావా అన్నాడు.

"ఎనుము పాలే పొయ్యాల. కొవ్వు దాంట్లోనే గదా ఉండేది."

అద్దకంవాడు ఇంకో గిన్నెలో ముంచి గీశాడు. గీత కంటికి సరిగా ఆనలేదు. ఏమీ కనబడదేమని పాదిరీ ముందుకు వంగాడు.

"అది పటిక నీళ్ళు సామీ. ఇప్పుడేం అగపడదు. చిరివేరేసి కాంచినాంక సూడండి, పటిక పడిన సోట ఎర్రగా లేస్తాది."

ఆ సాయంత్రం కాగులోంచి గుడ్డ తీసినప్పుడు ఆయనకు ఏం తోచి ఉంటుంది? క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ పండితుడు సరిగ్గా ఇలాంటి పనినే లాటిన్‌లో రాసిపెట్టాడు. ఈజిప్టువాళ్ళు తెల్లగుడ్డ మీద కనబడని మందులతో గీస్తారట. ఒకే రంగు కాగులో ముంచి తీస్తే గుడ్డ మీద రకరకాల రంగులు తేలతాయట. ప్లినీ దాన్ని వింతగా చెప్పుకున్నాడు. ఆ పుట కెర్డూకు తెలిసే ఉంటుందని నా నమ్మకం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇళ్ళకు వెళ్తే ఆ కరక్కాయ, ఆ పాలు, ఆ పటిక ఇవాళ్టికీ కనిపిస్తాయి.

ఇక పారిస్ సంగతి. అక్కడ బార్తెలెమీ అనే ఆబే, అంటే పాదిరీ, ఉన్నాడు. మార్సెయ్ దగ్గరి కాసీ రేవులో పుట్టినవాడు, 1753 నుంచి రాజుగారి నాణేల భాండాగారానికి అధికారి. మాల్టా దీవిలో 17వ శతాబ్దంలో రెండు పాలరాతి స్తంభాలు దొరికాయి. వాటి మీద పైన ఎవరికీ అంతుచిక్కని లిపి, దాని కింద గ్రీకు. తూరు నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు తమ ఊరి దేవుడు మెల్కార్ట్‌కు మొక్కు చెల్లించుకున్న రాళ్ళవి. గ్రీకులో ఆ దేవుణ్ణి హెరాక్లీస్ అన్నారు, అన్నదమ్ముల పేర్లు కూడా గ్రీకుకు తగ్గట్టు మార్చుకున్నారు. గ్రీకు పాఠాన్ని తాళంచెవిగా పట్టుకుని బార్తెలెమీ 1758లో రెండో లిపిని విప్పాడు. తూరువాళ్ళ ఫినీషియన్ అక్షరాలు మళ్ళీ చదవగలిగే అక్షరాలయ్యాయి. ఆ స్తంభాల్లో ఒకటి ఇప్పుడు పారిస్ లూవ్రలో ఉంది, రెండోది మాల్టాలోనే.

ఆ బార్తెలెమీయే సంస్కృత వ్యాకరణం, నిఘంటువు కావాలని కెర్డూకు రాశాడు. అది మంచి కాలం కాదు. 1761లో ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకుని నేలమట్టం చేశారు. 1764లో ఫ్రాన్సు రాజు తన రాజ్యంలో జెసూట్ సంఘాన్నే రద్దు చేశాడు. వెనక నిలబడే సంఘం లేదు, చుట్టూ కూలిన గోడలు, వయసు 75. అయినా 1767లో పెద్దాయన కలం పట్టాడు. అడిగినదానికి జవాబిస్తూనే, ఎన్నాళ్ళుగానో తనను తొలుస్తున్న ప్రశ్నను తానే పారిస్ పండితుల ముందు పెట్టాడు. సంస్కృతంలో ఇన్ని మాటలు గ్రీకుతో, అంతకన్నా ఎక్కువగా లాటిన్‌తో ఎందుకు కలుస్తున్నాయి?

దానం అంటే లాటిన్‌లో దోనుమ్. విధవ అంటే విదువా. మధ్య అంటే మెదియుస్. ఇలాంటివి పేజీలకు పేజీలు పేర్చాడు. అక్కడితో ఆగి ఉంటే కాలక్షేపం కింద పోయేది. ఆయన అంకెలు రాశాడు, సర్వనామాలు రాశాడు, ఆపైన 'ఉండు' అనే క్రియను వరసగా పేర్చి చూపించాడు. అస్మి, అసి, అస్తి. సుమ్, ఎస్, ఎస్ట్. బహువచనంలో స్మః, స్థ, సంతి. సుముస్, ఎస్టిస్, సుంట్. చదవగానే చెవికే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఆయన చేసిన పనే నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. వచ్చే అభ్యంతరాలన్నీ తానే ముందుపెట్టి తేల్చాడు. వ్యాపారం వల్ల వచ్చాయా? ఇరుగుపొరుగు కావడం వల్లా? శాస్త్రాలు, మతం ఇచ్చిపుచ్చుకోవడం వల్లా? రేవులో సరుకు దిగితే పేరూ దిగుతుంది, నిజమే. మన పిప్పలి గ్రీకుల నోట మారి లాటిన్‌లో పిపెర్ అయింది, అది మిరియాల వ్యాపారం చేసిన పని. కాని 'ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు' అన్న మాటలను ఏ ఓడా మోసుకురాదు. ఆ తూరు అన్నదమ్ముల రాయి మీద గ్రీకూ ఫినీషియనూ ఒకదాని కింద ఒకటి ఉన్నా దేని వ్యాకరణం దానిదే. రేవు రెండు భాషలను పక్కపక్కన కూర్చోబెట్టగలదు, అక్కాచెల్లెళ్ళను చెయ్యలేదు. లాటిన్, సంస్కృతం పుట్టుకతోనే బంధువులని కెర్డూ తేల్చాడు. అందుకు ఆయన చెప్పిన కారణం బైబిల్లోని యాపెతు సంతతి, బాబెలు గోపురం. దాన్ని ఇవాళ ఏ భాషా శాస్త్రజ్ఞుడూ ఒప్పుకోడు. బంధుత్వం మాత్రం నిలిచింది.

ఉత్తరం పారిస్ చేరింది, అక్కడి పండితుల అకాడమీ కాగితాల్లో పడిపోయింది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్స్ ఇదే బంధుత్వాన్ని ప్రకటించాడు, ప్రపంచం ఆయన పేరే గుర్తుపెట్టుకుంది. కెర్డూ అప్పటికే 1779లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఉత్తరం అచ్చయింది 1808లో. మన ఆచారవ్యవహారాల మీద ఆయన రాసిన పుస్తకానిదీ అదే గతి. ఆబే దుబువా పేరుతో ప్రసిద్ధమైన గ్రంథానికి మూలం కెర్డూ రాతేనని 1987లో సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు రుజువులతో చూపించింది.

తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. అస్మి, అసి, అస్తి కంఠతా వచ్చిన పిల్లలు ఈ ఊళ్ళో వందల మంది. కెర్డూ ఉత్తరాన్ని ఫ్రెంచి నుంచి తెలుగులోకి తెచ్చి, పక్కన లాటిన్ మొదటి పాఠాలు చేర్చి, తూరు నుంచి కార్తేజ్ దాకా ఆ రేవుల చరిత్రతో ఒక చిన్న కోర్సు పెట్టడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు. ఆ కోర్సుకు మొదటి విహారయాత్ర పుంగనూరుకు, రెండోది శ్రీకాళహస్తి అద్దకం ఇళ్ళకు వెయ్యాలి.