కట్టుబడి బంట్రోతులు

కట్టుబడి బంట్రోతులు లేదా కట్టుబడులు అనగా రాయలసీమలో పాళెగాళ్ళ కొలువులో ఈనాము భూములు అనుభవిస్తూ, అందుకు ప్రతిఫలంగా యుద్ధసేవ, ఊరి కావలి చేసిన సాయుధులు. విజయనగర సామ్రాజ్య పతనం తరువాత యోధులుగా ఉన్న వీరు, ఈస్టిండియా కంపెనీ పాలనలో గ్రామ రక్షకులుగా మారారు. 19వ శతాబ్దం మధ్య నాటికి ప్రభుత్వానికి వీరి అవసరం తీరిపోయింది. సేవతో పాటు భూమి కూడా పోతుందన్న భయమే వీరిలో పలువురిని 1846 నాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వైపు నడిపించింది.

పేరు

కట్టుబడి అనగా నిర్ణయించి కట్టిన స్వల్పమైన పన్ను. ఈ బంట్రోతుల భూమికి పూర్తి శిస్తు ఉండేది కాదు. చేసే సేవను బట్టి శిస్తులో మినహాయింపు లభించేది. ఆ భూమి పేరే దానిని అనుభవించే మనిషికీ వచ్చింది.

నేపథ్యం

విజయనగర కాలంలో అమరనాయకులు రాజు ఇచ్చిన భూమి ఆదాయంతో సైన్యాన్ని పోషించి, యుద్ధసమయంలో దానిని రాజుకు అప్పగించేవారు. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు, కొంత కాలానికి చంద్రగిరికి మారింది. కేంద్రాధికారం బలహీనపడిన కొద్దీ స్థానిక నాయకులు స్వతంత్రులయ్యారు. వీరే పాళెగాళ్ళు. పాళెము అనగా సైన్యం విడిది.

బీజాపూరు సుల్తానులు, మరాఠాలు, మైసూరు పాలకులు ఒకరి తరువాత ఒకరు ఈ ప్రాంతంపై అధికారం చెలాయించారు. పై ప్రభువు ఎవరైనా గ్రామాలలో శిస్తు వసూలు, రక్షణ చాలావరకు పాళెగాళ్ళ చేతిలోనే ఉండేవి. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలు ఈ వ్యవస్థ పాతుకుపోయిన సీమలోనివే.

విధులు

కట్టుబడి బంట్రోతు ఏడాది పొడవునా ఆయుధం పట్టి నిలిచే సైనికుడు కాడు. మామూలు రోజులలో సేద్యం చేసుకొనేవాడు. పాళెగాడు పిలిచినపుడు ఈటె, కత్తి, తుపాకి వంటి ఆయుధాలతో హాజరయ్యేవాడు. కోటను, కనుమ దారులను, సంతకు పోయే బాటసారులను కాపాడడం, పశువుల దొంగలను వెంటాడడం, శిస్తు సొమ్మును వెంట ఉండి చేర్చడం అతని పనులు.

గ్రామంలో తలారి, కావలివాళ్ళకు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చే మేర ఉండేది. దొంగతనం జరిగితే సొమ్ము పట్టించడం, లేదా నష్టం పూడ్చడం కావలి తీసుకొన్నవారి బాధ్యత అనేది ఆనాటి ఆచారం. కాపలా కాసేవాడే దోపిడీకి దిగిన సందర్భాలూ ఉన్నాయి. అందువలన ఈ వ్యవస్థ ప్రజలకు అండగానూ, భారంగానూ ఉండేది.

దత్తమండలాలు, మన్రో విధానం

1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందం ప్రకారం, తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చివేశాడు. వీటికి దత్తమండలాలు అని పేరు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించగా వాడుకలోకి వచ్చింది.

మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు పనిచేశాడు. అతడు వచ్చేనాటికి సుమారు 80 మంది పాళెగాళ్ళు, వారి వద్ద దాదాపు 30,000 మంది సాయుధులు ఉన్నట్లు అంచనా. ఒకే సీమలో ఇన్ని సైన్యాలు ఉండగా రైతు నుండి నేరుగా శిస్తు తీసుకోవడం సాధ్యం కాదని మన్రో భావించాడు. జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ సేనల సాయంతో ఎదిరించిన పాళెగాళ్ళను అణచివేశారు. లొంగినవారిలో కొందరికి పింఛన్లు ఏర్పరచారు.

బంట్రోతులందరినీ ఒకేసారి తొలగిస్తే వారు దోపిడీలకు దిగే ప్రమాదం ఉంది. కొత్త ప్రభుత్వానికి పల్లెలలో సొంత పోలీసులూ లేరు. అందువలన కొందరికి పాత ఈనాములనే కొనసాగించి గ్రామ రక్షణకు వినియోగించుకొన్నారు. 1816లో వచ్చిన 11వ రెగ్యులేషను గ్రామ పోలీసు బాధ్యతను గ్రామ పెద్దకు, తలారికి అప్పగించి, వారిపై కలెక్టరుకు అధికారం ఇచ్చింది.

1846 తిరుగుబాటు

తరువాతి దశాబ్దాలలో కట్టుబడి మరణిస్తే అతని ఈనామును వారసులకు ఇవ్వక ప్రభుత్వం స్వాధీనం చేసుకొనసాగింది. తరతరాలుగా ఆ పొలమే ఆధారమైన కుటుంబాలకు వేరే జీవనోపాధి చూపలేదు. అదే సమయంలో నొస్సం పాళెగాళ్ళ బంధువైన నరసింహారెడ్డి, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛనుతో అసంతృప్తిగా ఉన్నాడు. భూములు కోల్పోయిన, కోల్పోబోతున్న కట్టుబడులు ఆయన పక్షాన చేరారు.

1846 జూలైలో వీరు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. కంపెనీ సేనలు అక్టోబరులో నరసింహారెడ్డిని పట్టుకొన్నాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

పోలీసు శాఖ ఏర్పాటు

1859లో మద్రాసు రాష్ట్రానికి పోలీసు చట్టం (1859లో 24వ చట్టం) వచ్చింది. భూమికి బదులు నెల జీతం, పాళెగాడికి బదులు జిల్లా సూపరింటెండెంటు వచ్చారు. ఈ కాలంలోనే ఈనాం కమిషను, సేవ అవసరం లేని ఈనాములపై కొంత పన్ను విధించి, సేవాబాధ్యత తొలగించి, హక్కుపత్రాలు ఇచ్చే పద్ధతిని అమలుచేసింది. ఆ విధంగా మిగిలిన బంట్రోతులు సాధారణ రైతులలో కలిసిపోయారు.

గ్రామస్థాయిలో పాత ఏర్పాటు ఛాయలు ఇంకా చాలా కాలం నిలిచాయి. నేరం జరిగితే ఠాణాకు కబురు పంపే బాధ్యత మునసబుది, తలారిదిగా ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య మునసబు, కరణం పదవులు 1984లో రద్దయ్యాయి.

ప్రాముఖ్యత

దత్తమండలాలలో సైన్యం, పోలీసు వేరువేరు వ్యవస్థలుగా ఏర్పడడానికి సుమారు 60 ఏళ్ళు పట్టింది. ఆయుధాలు దించడం కంటే, ఆయుధం పట్టినందుకు దక్కిన భూమి ఎవరికి చెందాలన్న ప్రశ్నే ఈ మార్పులో కష్టమైనదని కట్టుబడుల చరిత్ర తెలుపుతున్నది. 1800 తరువాత కొందరికి భూమిని ఉంచి పని మార్చారు. 1840లలో పనితో పాటు భూమినీ తీసుకోబోగా తిరుగుబాటు వచ్చింది. తిరుగుబాటు అణగిన పిదప, సేవను రద్దుచేసి భూమిని వారికే వదిలే పద్ధతికి ప్రభుత్వం చేరుకొన్నది.